ఆర్ ఫంక్షన్‌లో మార్చిన విలువ బయట ఎందుకు మారదు?

మీరు అడిగినవి మూడు. ఫంక్షన్ లోపల ‘మొత్తం’ అనే వేరియబుల్‌ను పెంచారు, బయటికొచ్చి చూస్తే అది సున్నాగానే ఉంది. ఎవరో మామూలు బాణం గుర్తు `<-`కు బదులు, బయటి వేరియబుల్‌కు విలువ రాసే `<<-` వాడమన్నారు, వాడితే పనిచేసింది. తర్వాత అదే స్క్రిప్టును మరో కంప్యూటర్‌లో నడిపితే ఒక పేరు దొరకలేదని ఎర్రర్ వచ్చింది, మీ కంప్యూటర్‌లో మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. ఇవి వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి గానీ మూడింటి మూలం ఒక్కటే. ఆర్ (R) ప్రోగ్రామింగ్ భాషలో ఫంక్షన్ ఒక పేరు విలువను చదవాలంటే తన గది దాటి బయటికి వెళ్లి వెతుకుతుంది. అదే ఒక పేరుకు విలువ రాయాలంటే తన గదిలోనే రాసుకుంటుంది. చదవడానికి ఒక నియమం, రాయడానికి మరొకటి. పైగా ఈ తేడా గురించి ఆర్ ఎక్కడా హెచ్చరించదు.

(కింది ఉదాహరణల్లో ఫంక్షన్, సమ్, ఫర్ లాంటి మాటలను కూడా తెలుగు లిపిలోనే రాశాను. నడిపి చూడాలంటే వాటిని ఆంగ్ల అక్షరాల్లో టైపు చేయండి.)

మీ కోడ్‌ను కుదిస్తే ఇలా ఉంటుంది:

    మొత్తం <- 0
    కలుపు <- ఫంక్షన్(విలువలు) {
      మొత్తం <- మొత్తం + సమ్(విలువలు)
      మొత్తం
    }
    కలుపు(సి(10, 20, 30))

దీనికి 60 వస్తుంది. ఆ వెంటనే ‘మొత్తం’ అని టైపు చేస్తే 0 కనిపిస్తుంది. ఫంక్షన్‌ను మళ్లీ అవే విలువలతో పిలిస్తే 120 కాదు, మళ్లీ 60 వస్తుంది. లోపల ఏం జరిగిందో చూద్దాం. పిలిచిన ప్రతిసారీ ఆర్ ఒక కొత్త ఎన్విరాన్‌మెంట్ తయారు చేస్తుంది. ఎన్విరాన్‌మెంట్ అంటే పేర్లూ వాటి విలువలూ ఉండే చోటు, దానితోపాటు ‘ఇక్కడ దొరక్కపోతే ఎక్కడ వెతకాలి’ అన్న ఒక సూచన. మొదట అందులో ‘విలువలు’ ఒక్కటే ఉంటుంది. బాణం గుర్తుకు కుడివైపున్న ‘మొత్తం’ను చదవాల్సి వచ్చినప్పుడు అది ఈ కొత్త చోటులో లేదు కాబట్టి ఆర్ బయటికి వెళ్లి గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్‌లోని (ఫంక్షన్ల బయట మీరు పెట్టిన పేర్లు ఉండే చోటులోని) 0ని తెస్తుంది. కూడిక అయ్యాక 60ని ఎడమవైపున్న ‘మొత్తం’లో పెట్టాలి. ఇప్పుడు బయటి దాన్ని పట్టించుకోకుండా లోపలే ఆ పేరుతో కొత్త వేరియబుల్ పుడుతుంది. ఒకే వరుసలో ఒకే పేరు రెండు వేర్వేరు వేరియబుళ్లను సూచించింది. ఫంక్షన్ ముగిసింది, లోపలి చోటు పోయింది, దాంతోపాటు లోపలి ‘మొత్తం’ కూడా పోయింది.

ఇదేదో లోపమని అనుకోకండి. ఫంక్షన్ లోపల ‘ఐ’, ‘ఎక్స్’, ‘ఫలితం’ లాంటి పేర్లను నిశ్చింతగా వాడుకోగలుగుతున్నామంటే ఈ నియమమే కారణం. ఇది లేకపోతే మీరు పిలిచే ప్రతి ప్యాకేజీ ఫంక్షనూ మీ వేరియబుళ్లను చెరిపేస్తూ పోయేది.

బయటికి వెళ్లి వెతకడం అన్నాను కదా, ఆ బయట అంటే ఎక్కడ? చాలామంది ‘ఫంక్షన్‌ను ఎక్కడి నుంచి పిలిచామో అక్కడ’ అనుకుంటారు. అది తప్పు. ఫంక్షన్‌ను ఎక్కడ రాశామో అక్కడ. ఇది చూడండి:

    రేటు <- 5
    లెక్క <- ఫంక్షన్(అసలు) అసలు * రేటు / 100
    నివేదిక <- ఫంక్షన్() {
      రేటు <- 12
      లెక్క(1000)
    }
    నివేదిక()

జవాబు 120 కాదు, 50. ‘లెక్క’ పుట్టింది గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్‌లో కాబట్టి దానికి తెలిసిన ‘రేటు’ అక్కడి 5 మాత్రమే. ‘నివేదిక’ లోపలున్న 12 దాని కంట పడదు. అదే ‘లెక్క’ నిర్వచనాన్ని ‘నివేదిక’ లోపలికి తెచ్చి రాస్తే 120 వస్తుంది. దీన్ని లెక్సికల్ స్కోపింగ్ అంటారు. కోడ్ పాఠాన్ని చదివితేనే ఏ పేరు ఎక్కడిదో తెలిసిపోతుంది, ఎవరు ఎప్పుడు పిలిచారన్నది తెలుసుకోనక్కర్లేదు. బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ఎస్ భాష ఇలాంటి పేర్లను గ్లోబల్ వేరియబుళ్లుగానే చూసేది. ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ఆర్‌ను రూపొందించినప్పుడు వాక్యనిర్మాణం ఎస్ నుంచి తీసుకున్నా స్కోప్ నియమాన్ని మాత్రం స్కీమ్ భాష నుంచి తెచ్చారు. ఈ ఒక్క నిర్ణయంతో ఆర్ స్వభావమే మారిపోయిందని నా అభిప్రాయం. కారణం కింద క్లోజర్ల (తాము పుట్టిన చోటును వదలని ఫంక్షన్ల) దగ్గర చెబుతాను.

ఇంకో మెలిక ఉంది. ఎక్కడ వెతకాలన్నది ఫంక్షన్ రాసినప్పుడే స్థిరపడుతుంది గానీ, అక్కడ ఏ విలువ ఉందన్నది పిలిచినప్పుడే చూస్తుంది. పై ఉదాహరణలో బయట ‘రేటు’ను 8గా మార్చి మళ్లీ నివేదిక() అని పిలిస్తే 80 వస్తుంది. ఫంక్షన్ నిర్వచనంలో అక్షరం కూడా మారలేదు, ఇచ్చిన ఆర్గ్యుమెంట్లూ మారలేదు, జవాబు మాత్రం మారింది. ఇలాంటి ఫంక్షన్‌ను నమ్మి పెద్ద విశ్లేషణ చేయలేం.

మీ మూడో సమస్య ఇక్కడే ఉంది. మీ స్క్రిప్టులోని ఒక ఫంక్షన్ ఎప్పుడో కన్సోల్‌లో మీరు సృష్టించిన వేరియబుల్‌ను చదువుతోంది. ఆ వేరియబుల్ స్క్రిప్టులో లేదు, మీ వర్క్‌స్పేస్‌లో, అంటే గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్‌లో మిగిలిపోయింది. ఆర్‌ను మూసేటప్పుడు వర్క్‌స్పేస్‌ను భద్రపరచాలా అని అడిగితే సరేనని ఉంటారు, అది ‘.ఆర్‌డేటా’ ఫైలుగా నిలిచి ప్రతిసారీ తిరిగొస్తోంది. మరో కంప్యూటర్‌లో ఆ ఫైలు లేదు కాబట్టి అక్కడ నిజం బయటపడింది. ఎర్రర్ చూపించిన కంప్యూటరే సరిగ్గా ప్రవర్తించింది. ఆర్ కోడ్ రాసే ఆర్‌స్టూడియో సాఫ్ట్‌వేర్ వాడుతుంటే గ్లోబల్ ఆప్షన్లలోకి వెళ్లి, మొదలయ్యేటప్పుడు ఆ ఫైలును లోడ్ చేయడం ఆపండి, మూసేటప్పుడు భద్రపరచడాన్ని ‘నెవర్’కు మార్చండి. కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే సెషన్ కొత్తగా మొదలవుతుంది. స్క్రిప్టు మొత్తాన్ని అలా ఖాళీ సెషన్‌లో పైనుంచి కిందిదాకా నడపడం అలవాటు చేసుకుంటే ఈ రకం తప్పులు పుట్టిన రోజే దొరుకుతాయి.

పాత వేరియబుళ్లు చేసే చేటు ఎర్రర్‌తో ఆగిపోతే అదృష్టమే. ఎర్రర్ రాకుండా తప్పు జవాబు వచ్చే సందర్భం ఇంకా ప్రమాదకరం:

    పరీక్ష <- ఫంక్షన్(మార్కులు) {
      ఇఫ్ (మార్కులు >= 35) {
        ఫలితం <- "ఉత్తీర్ణత"
      }
      ఫలితం
    }

మార్కులు 20 అయితే ‘ఇఫ్’ లోపలి వరుస నడవదు, లోపల ‘ఫలితం’ పుట్టదు. చివరి వరుసలో దాన్ని చదవాలి కాబట్టి ఆర్ బయటికి వెళ్తుంది. గ్లోబల్‌లో ఆ పేరుతో ఏమీ లేకపోతే ఎర్రర్. పాత ప్రయోగం నుంచి ‘ఫలితం’ ఒకటి అక్కడ మిగిలి ఉంటే దాన్నే జవాబుగా తిరిగిస్తుంది. 20 మార్కుల విద్యార్థి కూడా ఉత్తీర్ణుడైపోవచ్చు. అందుకే ‘ఇఫ్’కు ఎప్పుడూ ‘ఎల్స్’ రాయండి, లేదా ఫంక్షన్ మొదట్లోనే ఆ పేరుకు ఒక ప్రాథమిక విలువ ఇవ్వండి.

సీ, జావా లాంటి భాషల నుంచి వచ్చినవాళ్లు గమనించాల్సింది ఇంకొకటి. ఆర్‌లో మీసాల బ్రాకెట్లు కొత్త స్కోప్‌ను సృష్టించవు. ‘ఇఫ్’, ‘ఫర్’, ‘వైల్’ లోపల పుట్టిన వేరియబుళ్లు వాటిని దాటాక కూడా ఉంటాయి, లూప్ వేరియబుల్ సహా. కొత్త ఎన్విరాన్‌మెంట్ కావాలంటే ఫంక్షన్ ఉండాలి, లేదా ‘లోకల్’ వాడాలి.

ఇక `<<-` సంగతి. మీకిచ్చిన సలహా పూర్తిగా తప్పు కాదు, కానీ తప్పుడు చోట ఇచ్చారు. ఈ గుర్తు లోపలి ఎన్విరాన్‌మెంట్‌ను వదిలేసి, దానికి బయట ఉన్నదానితో వెతకడం మొదలుపెడుతుంది. ఆ పేరు మొదట ఎక్కడ దొరికితే అక్కడ విలువ మారుస్తుంది. ఎక్కడా దొరక్కపోతే ఫిర్యాదు చేయకుండా గ్లోబల్‌లో కొత్తగా సృష్టిస్తుంది. కాబట్టి ‘మొత్తం’ అనబోయి ‘మొతం’ అని టైపు చేస్తే ఎర్రర్ రాదు. మీ గ్లోబల్‌లోకి ఇంకో పేరు వచ్చి చేరుతుంది, అసలు ‘మొత్తం’ మాత్రం మారకుండా కూర్చుంటుంది. ఫంక్షన్‌కు అదే పేరుతో ఆర్గ్యుమెంట్ కూడా ఉంటే గందరగోళం పూర్తవుతుంది: కుడివైపు చదివేది లోపలి ఆర్గ్యుమెంట్‌ను, రాసేది బయటి వేరియబుల్‌కు.

ఫంక్షన్ చేసే పని దాని ఆర్గ్యుమెంట్ల నుంచి మొదలై, తిరిగిచ్చే విలువతో ముగియాలి. మీ ఫంక్షన్‌ను నేనైతే ఇలా రాస్తాను:

    కలుపు <- ఫంక్షన్(విలువలు, ఇప్పటిదాకా = 0) {
      ఇప్పటిదాకా + సమ్(విలువలు)
    }
    మొత్తం <- కలుపు(సి(10, 20, 30))
    మొత్తం <- కలుపు(సి(5, 15), మొత్తం)

మొదట 60, తర్వాత 80. ‘మొత్తం’ ఎక్కడ మారుతోందో తెలుసుకోవడానికి ఫంక్షన్ లోపలికి తొంగిచూడనక్కర్లేదు. బాణం గుర్తు కళ్లెదుటే ఉంది.

డేటా ఫ్రేమ్‌ల విషయంలోనూ ఇదే. ఫంక్షన్‌కు ఒక డేటా ఫ్రేమ్ ఇచ్చి, లోపల ఒక నిలువు వరుసను మార్చితే బయటిది మారదు. మార్చిన క్షణంలో ఆర్ కాపీ చేస్తుంది, మీరు మార్చేది ఆ కాపీని. మార్చినదాన్ని తిరిగిచ్చి, బయట మళ్లీ పేరు పెట్టుకోవాలి. దీనికి మినహాయింపులు ఉన్నాయి: ఎన్విరాన్‌మెంట్ వస్తువులు కాపీ కావు, డేటా.టేబుల్ ప్యాకేజీలోని `:=` ఉన్నచోటే మారుస్తుంది. వాటిని వాడేవారు ఆ సంగతి తెలిసే వాడాలి.

తిరిగిచ్చే విలువ గురించి ఒక మాట. ఆర్‌లో ఫంక్షన్ చివరగా లెక్కించిన వ్యక్తీకరణ విలువే దాని జవాబు. ‘రిటర్న్’ రాయడం తప్పనిసరి కాదు, మధ్యలోనే బయటపడాల్సి వచ్చినప్పుడు రాస్తే చాలు. చివరి వరుస `<-`తో ఒక పేరుకు విలువ పెట్టేదైతే విలువ తిరిగొస్తుంది గానీ తెర మీద కనిపించదు. ఫంక్షన్ ఏమీ ఇవ్వలేదని చాలామంది కంగారు పడేది ఇక్కడే. చివరి వరుస ‘ఫర్’ లూప్ అయితే మాత్రం నిజంగానే ‘నల్’ వస్తుంది. రెండు మూడు విలువలు ఇవ్వాల్సి ఉంటే పేర్లు పెట్టిన లిస్టులో పెట్టి ఇవ్వండి, వాటిని బయటికి పంపడానికి `<<-` వాడకండి.

మరి ఆ గుర్తుకు న్యాయమైన చోటు ఏది? క్లోజర్లు. ఒక ఫంక్షన్ మరో ఫంక్షన్‌ను తయారు చేసి తిరిగిస్తే, లోపలి ఫంక్షన్ తాను పుట్టిన ఎన్విరాన్‌మెంట్‌ను వదలదు. బయటి ఫంక్షన్ ముగిసినా ఆ ఎన్విరాన్‌మెంట్ బతికే ఉంటుంది.

    లెక్కింపు <- ఫంక్షన్() {
      ఎన్ని <- 0
      ఫంక్షన్() {
        ఎన్ని <<- ఎన్ని + 1
        ఎన్ని
      }
    }
    ఒకటోది <- లెక్కింపు()
    రెండోది <- లెక్కింపు()

ఒకటోది() అని రెండుసార్లు పిలిస్తే 1, 2 వస్తాయి. ఆ తర్వాత రెండోది() అంటే మళ్లీ 1. ఒక్కోదానికి సొంత ‘ఎన్ని’ ఉంది, గ్లోబల్‌లో మాత్రం ఆ పేరే లేదు. ఇక్కడ `<<-` మార్చేది తన కోసమే ఏర్పాటైన చోటును. బయటివాళ్లెవరూ పొరపాటున దాన్ని చెరపలేరు, అదీ ఎవరినీ చెరపదు. లెక్సికల్ స్కోపింగ్ లేకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు. గణాంక శాస్త్రంలో దీని ఉపయోగం చిన్నది కాదు. డేటాను ఒకసారి ఇచ్చి, పరామీటర్‌ను మాత్రమే తీసుకునే లైక్లీహుడ్ ఫంక్షన్‌ను (ఆ పరామీటర్ డేటాకు ఎంత సరిపోతుందో చెప్పేదాన్ని) తయారు చేయించుకుని, దాన్ని నేరుగా అత్యుత్తమ విలువను వెతికే ‘ఆప్టిమ్’ చేతికి ఇవ్వవచ్చు. డేటా ఆ ఫంక్షన్‌తోపాటే ప్రయాణిస్తుంది.

క్లోజర్లు రాయడం మొదలుపెట్టాక ఒక వింత మీకు తప్పకుండా ఎదురవుతుంది, ముందే చెబుతున్నాను.

    గుణకం <- ఫంక్షన్(ఎన్) ఫంక్షన్(విలువ) విలువ * ఎన్
    పనులు <- లిస్ట్()
    ఫర్ (ఐ ఇన్ 1:3) పనులు[[ఐ]] <- గుణకం(ఐ)
    పనులు[[1]](10)

పది రావాలి కదా, 30 వస్తుంది. ఆర్ ఆర్గ్యుమెంట్లను సోమరిగా లెక్కిస్తుంది: మీరు ఇచ్చిన వ్యక్తీకరణను ‘అవసరమైనప్పుడు చూస్తాను’ అని అలాగే దాచుకుంటుంది. ‘గుణకం’ లోపల ‘ఎన్’ విలువ వెంటనే అవసరం లేదు, అందుకని దానిలో ‘ఐ’ అనే పేరు మాత్రమే నిలిచి ఉంటుంది. తీరా పనులు[[1]]ను పిలిచేసరికి లూప్ ముగిసి ‘ఐ’ 3 అయింది. బయటి ఫంక్షన్ మొదటి వరుసలో ఫోర్స్(ఎన్) అని రాస్తే ఆ విలువ అప్పటికప్పుడే స్థిరపడుతుంది. 2015లో వచ్చిన ఆర్ 3.2.0 నుంచి ఒక లిస్టులోని ప్రతిదాని మీదా ఫంక్షన్‌ను నడిపే ‘ఎల్‌ఆప్లై’ లాంటివి ఆర్గ్యుమెంట్లను తామే ఫోర్స్ చేస్తున్నాయి కాబట్టి వాటితో ఈ ఇబ్బంది లేదు. మామూలు ‘ఫర్’ లూప్‌లో మాత్రం అలాగే ఉంది.

ఇదే సోమరితనం వల్ల డిఫాల్ట్ విలువల దగ్గర కూడా ఒక ఆశ్చర్యం ఉంటుంది. డిఫాల్ట్ వ్యక్తీకరణను ఫంక్షన్ లోపలి ఎన్విరాన్‌మెంట్‌లో లెక్కిస్తారు. పిలిచినవారు ఇచ్చిన ఆర్గ్యుమెంట్‌ను పిలిచినవారి ఎన్విరాన్‌మెంట్‌లో లెక్కిస్తారు.

    సగటుచూడు <- ఫంక్షన్(వి, సగటు = మీన్(వి)) {
      వి <- వి[వి > 0]
      సగటు
    }

దీనికి సి(-4, 2, 6) ఇస్తే 4 వస్తుంది. ‘సగటు’ మొదటిసారి అవసరమయ్యే సమయానికి ‘వి’లో 2, 6 మాత్రమే మిగిలాయి. అదే డేటాను బయట ‘డేటా’ అనే పేరుతో ఉంచి, సగటుచూడు(డేటా, మీన్(డేటా)) అని పిలిస్తే దాదాపు 1.33 వస్తుంది. రాసిన వ్యక్తీకరణ ఒకటే, లెక్కించిన చోటు వేరు. ఒక డిఫాల్ట్ మరో ఆర్గ్యుమెంట్ మీద ఆధారపడితే ఆ ఆర్గ్యుమెంట్‌ను లోపల మార్చకండి, వేరే పేరు పెట్టుకోండి.

పేర్ల గురించి రెండు మూడు చిన్న సంగతులు. ‘సి’ అనే వేరియబుల్‌లో 5 పెట్టినా సి(1, 2) పనిచేస్తూనే ఉంటుంది. పేరు పక్కన కుండలీకరణం ఉంటే ఆర్ ఫంక్షన్లను మాత్రమే వెతుకుతూ, మిగతావాటిని దాటేసి పోతుంది. దీనికి ఎదురు సందర్భం మరీ తరచుగా కనిపిస్తుంది: ‘డీఎఫ్’ అనే డేటా ఫ్రేమ్‌ను ఫంక్షన్‌కు ఇవ్వడం మరిచిపోతారు, లోపల దాని నిలువు వరుసను అడుగుతారు. ‘డీఎఫ్’ దొరకలేదనే ఎర్రర్ రావాలి. కానీ స్టాట్స్ ప్యాకేజీలో ఎఫ్ డిస్ట్రిబ్యూషన్ సాంద్రతను ఇచ్చే ‘డీఎఫ్’ ఫంక్షన్ ఒకటి ఉంది. ఆర్‌కు అది దొరుకుతుంది, క్లోజర్ రకం వస్తువులోంచి భాగం తీయలేనంటుంది. ఆ ఎర్రర్ కనిపిస్తే క్లోజర్ల గురించి చదవనక్కర్లేదు, వేరియబుల్ పేరు సరిచూసుకోండి. డేటా ఫ్రేమ్‌కు ‘డీఎఫ్’ కాకుండా అర్థమున్న పేరు పెడితే ఇంకా మంచిది. ‘టి’, ‘ఎఫ్’ అనేవి ఎవరైనా మార్చగల మామూలు వేరియబుళ్లు, కాబట్టి ‘ట్రూ’, ‘ఫాల్స్’ అని పూర్తిగా రాయండి. ‘అటాచ్’ జోలికి అసలు వెళ్లకండి, అది వెతికే దారిలోకి మరో డేటా ఫ్రేమ్‌ను తోసి పరిస్థితిని ఇంకా చిక్కు చేస్తుంది.

ఇన్ని చెప్పాక ‘నేనే మీన్ అనే ఫంక్షన్ రాసుకుంటే ప్యాకేజీలు చెడిపోతాయా’ అన్న భయం రావచ్చు. చెడిపోవు. ప్యాకేజీలోని ఫంక్షన్ మొదట తన నేమ్‌స్పేస్‌లో (ఆ ప్యాకేజీ సొంత పేర్లు ఉండే చోటులో), తర్వాత అది దిగుమతి చేసుకున్నవాటిలో, ఆ తర్వాత బేస్‌లో వెతుకుతుంది. మీ గ్లోబల్ వంతు వచ్చేది ఇవన్నీ అయ్యాకే. మీ స్క్రిప్టులో మాత్రం ప్యాకేజీలు ఒకదాన్నొకటి కప్పేస్తాయి. డేటాను సవరించే డిప్లయర్ ప్యాకేజీని లోడ్ చేస్తే దాని ‘ఫిల్టర్’ స్టాట్స్‌లోని ‘ఫిల్టర్’ను కప్పేస్తుంది. అనుమానమున్నచోట ప్యాకేజీ పేరు, `::`, ఫంక్షన్ పేరు కలిపి రాయండి.

ఇప్పుడు మీ స్క్రిప్టులో ఏ ఫంక్షన్ రహస్యంగా బయటి పేరును చదువుతోందో పట్టుకోవాలి. ఆర్‌తోపాటే వచ్చే ‘కోడ్‌టూల్స్’ ప్యాకేజీలో ‘ఫైండ్‌గ్లోబల్స్’ ఉంది. దానికి మీ ఫంక్షన్‌ను ఇచ్చి, ‘మెర్జ్’ ఆర్గ్యుమెంట్‌ను ఫాల్స్‌గా పెట్టి పిలవండి. ఫంక్షన్లు ఒక జాబితాగా, వేరియబుళ్లు మరో జాబితాగా వస్తాయి. ఫంక్షన్ల జాబితాలో కూడిక గుర్తు, మీసాల బ్రాకెట్ కూడా కనిపిస్తాయి, ఆర్‌లో అవి కూడా ఫంక్షన్లే కాబట్టి కంగారు పడకండి. చూడాల్సింది వేరియబుళ్ల జాబితాను. ఒక పరిమితి ఉంది: పైనున్న ‘పరీక్ష’లోని ‘ఫలితం’ లాంటిది దీనికి దొరకదు, ఎందుకంటే ఫంక్షన్‌లో ఎక్కడో ఒకచోట దానికి విలువ ఇచ్చారు కాబట్టి దాన్ని లోపలిదిగానే లెక్కిస్తుంది. వాటిని కళ్లతోనే వెతకాలి. వేరియబుళ్ల జాబితాలో ‘పై’ లాంటి బేస్ స్థిరాంకాలు కాక మీరు పెట్టిన పేరేదైనా కనిపిస్తే, ఆ పేరును ఫంక్షన్ ఆర్గ్యుమెంట్లలో చేర్చి, పిలిచే ప్రతిచోటా దాని విలువను ఇవ్వండి.